కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు నివేదిక సమర్పించాలని నియమావళిలో ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. మన సైకిల్ సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను. ఆదివారం రైడ్లు వాన పడ్డ రోజుల్లో తప్ప ఆగలేదు. కొత్తవాళ్లకు పంక్చరు వేయడం నేర్పాం. కార్యవర్గ సమావేశాలు జరగాల్సినన్ని జరిగాయి గానీ, కోరం మాత్రం ప్రతిసారీ ఫోన్లు చేసి పిలిపించుకుంటేనే కుదిరింది.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది సింగిల్ చైన్‌రింగ్ శిబిరం, అంటే పెడళ్ల దగ్గర ఒకే పళ్లచక్రం (చైన్‌రింగు) ఉన్న సైకిళ్ల కోసం పెట్టింది. నిరుటి సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "గతుకుల్లో నా చైను పడ్డప్పుడల్లా అందరూ ఆగి చూస్తారు, ఎందుకు పడుతోందో ఒక్కరూ చెప్పరేం?" అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. ఆవిడ బండికి ముందు రెండు చైన్‌రింగులు ఉండేవి. బరువు తగ్గుతుందని ఒక రింగునీ, చైనును రింగు నుంచి రింగుకు నెట్టే ముందు డీరైలర్‌నీ తీయించేసి, మిగిలిన రింగుతో నడుపుతున్నారు. మనలో చాలామంది చేసిన పనే. నేనూ చేశాను.

ఆ రింగు చైనును పట్టి ఉంచడానికి పుట్టింది కాదు. గేరు మార్చగానే చైను తేలిగ్గా వదిలి పక్క రింగుకు పోవాలని దాని పళ్లలో కొన్నిటిని పొట్టిగా చెక్కుతారు, పక్కన పిన్నులు కూడా పెడతారు. పైగా ముందు డీరైలర్ చైనుకు అటూ ఇటూ గోడలా నిలబడేది. గోడ మనమే పడగొట్టి, తలుపు తీసిపెట్టి, ఇంట్లో దొంగలు పడ్డారని మొత్తుకున్నట్టుంది మన సంగతి.

దీనికి మందు న్యారో-వైడ్ రింగు. 2012లో శ్రామ్ కంపెనీ ఎక్స్‌ఎక్స్1 అనే గేర్ల సెట్‌తో ఈ రకాన్ని మౌంటెన్ బైకులకు తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. చైనులో ఒక లింకు లోపల ఇరుకు, పక్కది వెడల్పు. మామూలు రింగులో పళ్లన్నీ ఇరుకు లింకులో పట్టేంత సన్నగా ఉంటాయి, వెడల్పు లింకులో సందు మిగిలిపోతుంది. ఈ రింగులో పన్ను విడిచి పన్ను లావుగా ఉండి ఆ సందు నింపుతుంది. పళ్లు ఎత్తుగా కూడా ఉంటాయి కాబట్టి చైను ఎగిరినా పక్కకు జారడం కష్టం. లావు పన్ను, సన్న పన్ను ఒకదాని తర్వాత ఒకటి రావాలి కాబట్టే ఇందులో పళ్లు సరిసంఖ్యలోనే వస్తాయి: 30, 32, 34 అలా. బేసి అయితే ఒక చుట్టు తిరిగేసరికి లావు పన్ను ఇరుకు లింకుకు ఎదురొస్తుంది. చైను ఎక్కించేటప్పుడూ లావు పన్ను వెడల్పు లింకులోనే పడాలి. ఒక్క పన్ను తప్పినా చైను పళ్ల మీదెక్కి కూర్చుంటుంది. శిబిరంలో ఒకరు అలాగే ఎక్కించి, రింగు నాసిరకమని తిట్టారు. పేరు రాయను, కార్యవర్గంలోనే ఉన్నారు.

రింగు కొనేముందు బోల్టు రంధ్రాలు చూసుకోమని ఎన్నిసార్లు చెప్పినా ఇద్దరు ముగ్గురు తప్పు కొలత తెచ్చారు. పాత మౌంటెన్ బైకుల క్రాంకుల్లో (పెడళ్లు బిగించే చేతుల్లో) ఎక్కువగా నాలుగు బోల్టులు, అవి కూర్చునే వలయం వ్యాసం 104 మిల్లీమీటర్లు. షిమానో కంపెనీ 12 స్పీడు (వెనక 12 గేర్ల) చైను వాడేవారు దానికి సరిపోతుందని రాసి ఉన్న రింగే తీసుకోవాలి. రింగు నిలిచే వరస, వెనక క్యాసెట్ (వెనక చక్రం పళ్లచక్రాల గుత్తి) నడిమికి దగ్గరగా ఉండాలి. మరీ బయటికి పోతే, వెనక పెద్ద పళ్లచక్రం మీద ఉండగా వెనక్కి తొక్కితే చైను దాని మీంచి జారిపోవచ్చు.

రింగు ఒక్కటే అన్నీ చూసుకోదు. వెనక డీరైలర్‌లో క్లచ్ ఉంటే చైను కింది భాగం ఎగరకుండా బిగబట్టి ఉంచుతుంది. శిబిరానికి వచ్చిన ఒక బండికి క్లచ్ ఉంది, మీట మాత్రం ఆఫ్‌లో ఉంది! చక్రం విప్పినప్పుడు ఆపి, మళ్లీ వేయడం మరిచారట. చైను అరిగినా లావు పళ్ల పట్టు సడలుతుంది. స్కేలు పెట్టి చూస్తే 12 అంగుళాలు ఉండాల్సిన చోట అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చిందంటే, అది సుమారు అర శాతం సాగిందన్నమాట, మార్చేయండి. రాళ్ల దిగుడు దారుల్లో దూకేవారు రింగు పైన, చైను పక్కకు పోకుండా ఆపే చైన్ గైడు కూడా పెట్టుకోవడం మంచిది. ఈ రింగు పెడితే చైను ఎప్పటికీ పడదని ఎవరైనా అంటే నమ్మకండి.

శిబిరానికి మైదానం ఇమ్మని అధికారుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాం. అనుమతి పత్రం శిబిరం అయిపోయిన మర్నాడు అందింది. దాన్ని ఫైల్లో భద్రంగా పెట్టాను. ఒక సభ్యుడి ఇంటి ముందు చెట్టు కింద పని కానిచ్చాం, ఆ ఇంటివారికి సంఘం రుణపడి ఉంది. పాత రింగులు తెచ్చి తేడా చూపించిన పెద్దాయనకు, స్టాండు అరువిచ్చిన మెకానిక్‌కు, సాయంత్రం దాకా గ్రీజు చేతులతో కూర్చున్న ఇద్దరు విద్యార్థులకు, ఫోటోలు తీసినవారికి, నీళ్లు మోసినవారికి, పేరుపేరునా కృతజ్ఞతలు. స్వచ్ఛందంగా వస్తామని పేర్లు రాసినవారి పట్టికా నా దగ్గర ఉంది. వచ్చినవారి కంటే అందులో పేర్లు చాలా ఎక్కువ. అంతకు మించి అనను.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా జతపరిచారు. ఖర్చు రాబడికి మించలేదు. సందేహాలుంటే వారినే అడగండి.

నిలదీసిన సభ్యురాలి బండికి కొత్త రింగు, కొత్త చైను వేశాం. అదే గతుకుల దారిలో ఆవిడ ఈసారి మా కంటే ముందు దిగి, కింద నిలబడి మా కోసం చూశారు.

చివరగా, శిబిరం నాడు సంఘం చైన్ గేజి (చైను అరుగుదల కొలిచే పనిముట్టు) తీసుకెళ్లినవారు దయచేసి సమావేశానికి తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి