పింజర కాటు, గాజు గొట్టం

సంపాదకులకు,

గత వానాకాలం మా నర్సంపేట వైపు పొలం గట్టు మీద గడ్డి కోస్తుండగా మా మేనమామను రక్తపింజర కాటేసింది. కాసేపటికే ఉమ్మిలో ఎర్రటి చారలు కనిపించినా, పంటి నొప్పి పాతదే కదా అనుకున్నాం.

రక్తపింజర వంటి పాముల విషంలో ఉండే మెటల్లోప్రోటీనేజ్ అనే ఎంజైములు, జింకు సాయంతో, అతి సన్నని రక్తనాళాల గోడలకు ఆధారమైన కొల్లాజెన్ పొరను కత్తిరించడంతో, బలహీనపడిన గోడ రక్తపు ఒత్తిడికే చిట్లిపోతుంది. అంతేకాక రక్తం గడ్డకట్టే ప్రక్రియలోని పదవ, ఐదవ కారకాలను విషం అదేపనిగా ప్రేరేపించి గడ్డకు ముడిసరుకైన ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను ఖర్చు చేసేయడం వల్ల, చిల్లును పూడ్చే సరుకే మిగలదు.

దీన్ని పట్టుకునే పరీక్ష చాలా చవక. 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపై గడ్డకట్టిందో లేదో వంచి చూడాలి; మామయ్య రక్తం నీళ్లలా జారింది. అయితే మేము మొదట వెళ్లిన చోట ప్లాస్టిక్ గొట్టాలే ఉన్నాయి. గాజు తగిలితేనే ఈ పరీక్ష ఫలితాన్ని నమ్మవచ్చు కనుక, మరో ఆసుపత్రికి వెళ్లేసరికి విలువైన సమయం పోయింది.

విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని అణచగలదు గాని, అప్పటికే తెగిన గోడలను అతికించలేదు. కాబట్టి పంట కోతలకు ముందే జిల్లాలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందుతోపాటు నాలుగు గాజు గొట్టాలనూ ఉంచాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా