గేమ్ పోటీలో గుండె దడ: మన అబ్బాయిలు, మన అమ్మాయిలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం మన కంప్యూటర్ ల్యాబ్‌లో హౌస్‌ల మధ్య కార్ రేసింగ్ గేమ్ పోటీ పెట్టాం. ఫైనల్‌కు ముందు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి "మేడం, కడుపులో తిప్పుతోంది, భయమేస్తోంది" అని చెప్పేసింది. పక్క సీటు అబ్బాయిని అడిగితే "నాకేం టెన్షన్ లేదు మేడం" అన్నాడు, కానీ అరచేతుల చెమట ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాడు. పీఈటీ సార్ నాడి పట్టి చూస్తే ఇద్దరికీ గబగబా కొట్టుకుంటోంది.

కుర్చీలోంచి లేవకపోయినా పోటీ అనగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. గుండె వేగం, చెమట, చేతులు చల్లబడటం అన్నీ ఆ కంగారు వల్లే, ఇందులో ఆడా మగా లేదు. తేడా ఎక్కువగా కనబడేది చెప్పడంలో. ప్రశ్నలిచ్చి అడిగితే పోటీ భయం ఎక్కువని చెప్పేది సాధారణంగా ఆడవాళ్ళే. అదే, నలుగురి ముందు మాట్లాడించి లెక్కలు చేయించే ట్రయర్ పరీక్ష అని ఒకటుంది, 1993 నుంచి వాడుతున్నారు, అందులో లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కొలిస్తే చాలాసార్లు మగవాళ్ళలోనే ఎక్కువ పెరుగుతోంది. అంటే నోరు విప్పనివాడికి ఒత్తిడి లేదనుకోవడం తప్పు.

అమ్మాయిలకు ఇంకో బాధ ఉంది. ఆన్‌లైన్‌లో గొంతు వినగానే అవతలివాళ్ళు వెకిలి మాటలు మొదలుపెడతారు, అందుకే చాలామంది మైక్ ఆపేసి, పేరు మార్చుకుని ఆడతారు. ఆ భయం ఆట వల్ల వచ్చింది కాదు, దాన్ని పిరికితనం అంటే నేను ఒప్పుకోను.

కాబట్టి ఇంట్లో "మగపిల్లోడివి, భయమేందిరా" అనకండి, "నీకెందుకమ్మా ఈ ఆటలు" అని కూడా అనకండి. 2023 హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఈ-స్పోర్ట్స్‌కు, అంటే వీడియో గేమ్ పోటీలకు, పతకాలే ఇచ్చారు. ఆటకు ముందు ఊపిరి మెల్లగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలమనండి, గుండె నెమ్మదిస్తుంది. పడుకునే ముందు మ్యాచ్‌లు మాత్రం వద్దు, ఆ వేడి మీద నిద్ర పట్టదు. రోజూ దడ, నిద్రలేమి, తిండి మానేయడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులేం పడవు.

వచ్చే నెల పోటీకి అమ్మాయిల పేర్లు చాలా తక్కువ వచ్చాయి. మీ అమ్మాయికి ఇష్టమైతే శుక్రవారం లోపు క్లాస్ టీచర్‌కు పేరు ఇప్పించండి.

మీ హెడ్‌మిస్ట్రెస్,
కర్నూలు