‘డెఫ్ట్‌లీ’ అంటే ఒడుపుగా

సంపాదకులకు నమస్కారం.

ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలి ఇంగ్లిష్ వర్క్‌బుక్‌లో ‘డెఫ్ట్‌లీ’, ‘స్కిల్‌ఫుల్లీ’, ‘అడ్రాయిట్‌లీ’ అనే మూడు మాటలకూ ‘నైపుణ్యంగా’ అని ఒకే అర్థం అచ్చువేశారు. దాన్ని నమ్ముకుని ఆ పిల్ల, వాళ్ల నాన్న బ్యాంకు పరీక్ష ‘డెఫ్ట్‌లీ’ పాసయ్యారని వాక్యం రాసింది. టీచరు ఎర్ర సిరాతో కొట్టేశారు గాని, ఎందుకు తప్పో చెప్పలేదు. వ్యాకరణరీత్యా ఆ వాక్యంలో దోషం లేదు కాబట్టి పిల్లకు ఏమీ పాలుపోలేదు. తప్పు ఆ అర్థం రాసినవారిదే అని నా అభిప్రాయం.

డెఫ్ట్‌లీ అన్నది ప్రధానంగా కళ్లెదుట జరిగే చేతిపనికి చెప్పే మాట. ఆ పనిలో వేగం, తేలికదనం, తడబాటు లేకపోవడం మూడూ కలిసి ఉండాలి. మా అబ్బాయి రెండేళ్లు తలవంచుకుని చదివి నెగ్గిన పరీక్షకు అది ఎలా అతుకుతుంది?

మొన్న ఆదివారం మనవరాలిని వెంటబెట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాను. అక్కడ ఒకావిడ కత్తిపీట ముందు కూర్చుని, పక్కవారితో బేరం మాట్లాడుతూనే, పండుగప్పకు తోకవైపు నుంచి పొలుసు గీకి, మొప్పలు లాగేసి, చేదు తిత్తి చిట్లకుండా కడుపు శుభ్రం చేసి, ఒకే మందంలో ముక్కలు కోసి గిన్నెలో వేసింది. ‘మామ్మా, ఎంత ఒడుపుగా కోసిందో!’ అంది పిల్ల. వర్క్‌బుక్‌లో ఉండవలసిన మాట దాని నోటి నుంచే వచ్చింది.

స్కిల్‌ఫుల్లీ పరిధి విశాలం. షిప్‌యార్డులో ఓడ కట్టడానికైనా, ఆస్పత్రిలో ఆపరేషన్‌కైనా చెల్లుతుంది, దానికి ‘నైపుణ్యంతో’ అంటే సరిపోతుంది. ఇక అడ్రాయిట్‌లీలో చేతికన్నా బుద్ధి పాలు ఎక్కువ. ఇబ్బందికరమైన ప్రశ్నను నొప్పించకుండా దాటవేయడం లాంటి సందర్భానికి మన ‘చాకచక్యంగా’ చక్కగా నప్పుతుంది. సంస్కృతంలో తళుకు అనే అర్థమున్న చాకచక్యం తెలుగులో తెలివైన నేర్పుకు పేరైంది. అలాంటి ప్రశ్నను డెఫ్ట్‌లీ దాటవేశారనీ ఇంగ్లిష్‌లో అంటారు, కాని అది చేతిపని నుంచి మాటకు తెచ్చుకున్న పోలిక. డెఫ్ట్‌లీకి ‘లాఘవంగా’ కూడా దగ్గరిదే గాని, హస్తలాఘవం, చేతివాటం అనేవి దొంగతనానికి మర్యాదపేర్లుగా మారాయి కనుక పిల్లలకు చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఇంగ్లిష్‌లో డెఫ్ట్, తెలివితక్కువ అనే అర్థంలో వాడే డాఫ్ట్ ఒకే పాత మాట నుంచి పుట్టాయి. ఆ పాత మాటకు మృదువైన, సాధువైన అని అర్థం. ఒక కొమ్మ నేర్పువైపు, ఇంకొకటి అమాయకత్వం మీదుగా మూర్ఖత్వం వైపు సాగాయి. మాటల నడక ఇంత వింతగా ఉన్నప్పుడు మూడింటికీ ఒకే అర్థం అంటగట్టడం పిల్లలకు అన్యాయం.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో రోజూ ఇస్తున్న ఇంగ్లిష్ మాటలకు, అర్థంతోపాటు ఏ పనికి ఆ మాట వాడతారో, ఏ పనికి వాడరో చెప్పే చెరో వాక్యం చేర్చవలసిందిగా కోరుతున్నాను. డెఫ్ట్‌లీ వంతు వచ్చిన రోజున దాని పక్కన ‘ఒడుపుగా’ అని అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశాఖపట్నం