బండ్లు కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఊరు పెరిగింది, ట్రాఫిక్ పెరిగింది, కాబట్టి రోడ్లు వెడల్పు చేయాలి, ఫ్లైఓవర్లు కట్టాలి. నగర రవాణా మీద ఏ చర్చయినా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుంది. అమెరికాలో హ్యూస్టన్ వాళ్లు ఇదీ చేసి చూశారు. కేటీ ఫ్రీవే అనే హైవేని 2008 నాటికి, సర్వీసు రోడ్లతో కలిపి, కొన్నిచోట్ల 26 లేన్ల దాకా పెంచారు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో మళ్లీ ఆలస్యం పెరిగింది. రోడ్డు ఖాళీగా ఉందంటే ఇంట్లో ఉన్న బండి కూడా బయటికొస్తుంది, ఊరికి దూరంగా కొత్త కాలనీలు లేస్తాయి, వాళ్లందరూ ఎక్కేది మళ్లీ ఆ రోడ్డే కదా.

మొన్నొక సాయంత్రం సిగ్నల్ దగ్గర నిలబడి ఊరికే లెక్కపెట్టాను, పనీపాటా లేదనుకోండి. ఎర్ర లైటుకి ఆగిన 22 కార్లలో 29 మంది. వాటి వెనకాల ఇరుక్కున్న ఒక్క సిటీ బస్సులో, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లతో కలిపి, 60కి పైనే. పచ్చ లైటు పడింది, బస్సు గీత దాటకముందే మళ్లీ ఎరుపు. ట్రాఫిక్ సర్వేల్లో పీసీయూ (ప్యాసింజర్ కార్ యూనిట్) అని, ఏ బండి ఎన్ని కార్లకి సమానమో చెప్పే కొలత ఒకటి ఉంది, దాని ప్రకారం బస్సంటే సుమారు మూడు కార్లు. లోపల ఎంతమంది ఉన్నారో ఆ కొలతకి అక్కర్లేదు! దాన్ని పట్టుకుని ప్లాన్ గీస్తే ఫ్లైఓవరే వస్తుంది, ఇంకేం వస్తుంది.

బ్రెజిల్‌లోని కురిటిబా 1974లోనే బస్సులకి విడిగా దారి ఇచ్చింది. సియోల్ 2004లో రోడ్డు మధ్య లేన్లు బస్సులకి వదిలింది, మరుసటి ఏడాదికల్లా ఊరి నడిబొడ్డున ఉన్న ఎలివేటెడ్ రోడ్డు తీసేసి కింద పూడిపోయిన వాగుని బయటికి తెచ్చింది. మెట్రో వద్దనడం లేదు, కానీ అది కట్టడానికి ఏళ్లు పడుతుంది, బస్సు లేన్‌కి పెయింటూ పోలీసూ చాలు (పోలీసు దగ్గరే కష్టం, తెలుసు).

ఇంకో మాట. బస్సు అరగంటకొకటి వస్తే సగటున పావుగంట నిలబడాలి, మధ్యలో మారాల్సి వస్తే ఇంకో పావుగంట. అదే ఐదు నిమిషాలకొకటి ఉంటే టైం చూసుకునే టెన్షనే ఉండదు. అది కూడా బస్టాప్ దాకా నడవగలిగితేనే. మా వీధి చివర ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాన్ని దాటాలంటే రోడ్డు మీదికి దిగాలి. ఒకసారి బైకు రాసుకుంటూ పోయాక మా అమ్మ బస్సే మానేసింది. ఇప్పుడు రోజూ నేనే స్కూటర్ మీద దింపుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు