ప్రీమియం ఎకానమీ అంటే ఎన్ని అంగుళాలో టికెట్ మీద రాయాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాం, రెండుసార్లు పురుళ్లకి, మూడోసారి మనవడి అక్షరాభ్యాసానికి. మా వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఇదే కథ. అరవై దాటిన తల్లిదండ్రులు, మోకాళ్ల నొప్పులు, షుగర్ మాత్రలు, వీల్‌చైర్ అసిస్టెన్స్, హైదరాబాద్ నుంచి గాలిలోనే పద్దెనిమిది ఇరవై గంటలు. వీసా గురించి, సామాను గురించి పత్రికల్లో చాలా వస్తుంది కానీ ఆ ఇరవై గంటలు కూర్చునే సీటు గురించి తెలుగులో సరైన సమాచారం నాకైతే ఎక్కడా కనబడలేదు, అందుకే ఈ ఉత్తరం.

మొదటి రెండుసార్లు ఎకానమీలోనే వెళ్లాం. రెండోసారి దిగేటప్పటికి మా వారి పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదు, ఎయిర్‌పోర్టులో సాక్సులతోనే వీల్‌చైర్ ఎక్కారు. అది చూసి మా అల్లుడు గారు మూడోసారి పట్టుబట్టి ప్రీమియం ఎకానమీ టికెట్లు తీశారు, అంటే ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య క్లాసు. ఎకానమీ కంటే మనిషికి రానూపోనూ లక్షా 11 వేలు ఎక్కువ. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, అంత డబ్బు దేనికి కడుతున్నామో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. కుట్టు మిషన్ దగ్గర వాడే టేపు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్లాను.

ముందు ఒక మాట. విమానాల వాళ్లు సీటు పిచ్ అని ఒక కొలత చెబుతారు. ఇది కాళ్ల జాగా అని చాలామంది అనుకుంటారు, కాదు. మన సీటు మీద ఒక చోటు నుంచి ముందు సీటు మీద అదే చోటు దాకా ఉండే దూరం. అందులో సీటు మందం కూడా కలిసి ఉంటుంది. దూర ప్రయాణాల ఎకానమీలో ఇది సాధారణంగా 31, 32 అంగుళాలు. ప్రీమియం ఎకానమీలో ఎక్కువ కంపెనీలు 38 ఇస్తున్నాయి. అంటే తేడా ఆరేడు అంగుళాలు, బెత్తెడు కంటే ఎక్కువ, జానెడు కంటే తక్కువ. వినడానికి చిన్నదే, కానీ వంగని మోకాలికి అదే ప్రాణం.

మన వాళ్లు ఎక్కువగా ఎక్కే కంపెనీలు చూస్తే, హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో ఈ క్యాబిన్ పేరు వరల్డ్ ట్రావెలర్ ప్లస్, పిచ్ 38. 2024 జనవరి నుంచి హైదరాబాద్‌కి నేరుగా వస్తున్న లుఫ్తాన్సాలో కూడా 38. ఎమిరేట్స్‌లో 40 అంగుళాలు, సీటు వెడల్పు 19.5, వెనక్కి 8 అంగుళాలు వాలుతుంది, పిక్కలకు ఆనేలా ఒక పలక, పాదాలకు ఇంకొకటి. జపాన్ ఎయిర్‌లైన్స్‌లో అయితే దూరాలకు తిరిగే విమానాల్లో 42 అంగుళాల దాకా ఉంది, పైగా అక్కడ సీటు వెనక్కి పడిపోకుండా తన డొప్ప లోపలే ముందుకు జరుగుతుంది కాబట్టి ముందువాళ్లు వాల్చినా మన ఒళ్లోకి రారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఎక్కడా ఆగకుండా వెళ్లే ఎ350 విమానంలో అసలు ఎకానమీయే పెట్టలేదు, 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ, అంతే. పద్దెనిమిది గంటలు దాటే ప్రయాణానికి మామూలు సీటు వద్దని ఒక కంపెనీ నిర్ణయించుకుందంటే ఆలోచించాల్సిన విషయమే కదా.

ఇక మన వాళ్లు తెగ వెళ్లే దోహా, అబుదాబి దారులున్నాయి. ఖతార్ ఎయిర్‌వేస్‌లోనూ ఎతిహాద్‌లోనూ ప్రీమియం ఎకానమీ లేనే లేదు. ఎతిహాద్‌లో ఎకానమీ స్పేస్ అని అమ్ముతారు, అది ఎకానమీ సీటే, ముందు కాస్త జాగా ఎక్కువ, వెడల్పు పెరగదు.

నా బాధ ఇక్కడే మొదలవుతుంది. పేర్లు ఒకదానికొకటి అంత దగ్గరగా పెడతారు. యునైటెడ్‌లో ఎకానమీ ప్లస్ వేరు, ప్రీమియం ప్లస్ వేరు. మొదటిది ఎకానమీ సీటుకే ముందు కొంచెం ఎక్కువ జాగా, రెండోది నిజంగా వేరే క్యాబిన్, వెడల్పాటి సీటు. కేఎల్ఎంలో ఎకానమీ కంఫర్ట్ ఒకటి, ప్రీమియం కంఫర్ట్ ఇంకొకటి. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లలే హడావిడిలో పొరబడతారు, మరి ఊళ్లో ఏజెంట్ దగ్గర టికెట్ తీసుకునే పెద్దవాళ్ల సంగతి?

అంతకంటే పెద్ద చిక్కు, ఒకే కంపెనీలో ఒకే పేరుకి రెండు రకాల సీట్లు. ఎయిర్ ఇండియా ఎ350లో ప్రీమియం ఎకానమీ 24 సీట్లు, వరుసకి 2-4-2 (అంటే రెండు, నాలుగు, రెండు సీట్లు, మధ్యలో నడిచే దారులు), పిచ్ 38. అదే ఎయిర్ ఇండియా దేశంలో తిప్పే ఎ320 నియోలో కూడా ప్రీమియం ఎకానమీ అనే ఉంటుంది, అక్కడా 24 సీట్లే, కానీ వరుసకి 3-3, పిచ్ 32. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా న్యూయార్క్ వెళ్లేవాళ్ల టికెట్ మీద రెండు చోట్లా అదే మాట రాసి ఉంటుంది. రెండు గంటల ప్రయాణానికి ఆ చిన్న సీటు చాలు, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. పేరు ఒకటైనప్పుడు కొలత ఏమిటో పక్కన రాయమంటున్నాను.

ఈ క్యాబిన్ నిన్న మొన్న వచ్చింది కాదు. తైవాన్ వాళ్ల ఎవా ఎయిర్, బ్రిటన్ వాళ్ల వర్జిన్ అట్లాంటిక్ 1990ల మొదట్లోనే మొదలుపెట్టాయి. ముప్పై ఏళ్లు దాటినా ప్రీమియం ఎకానమీ అనాలంటే కనీసం ఇన్ని అంగుళాలు ఉండాలనే నియమం ఒక్కటీ లేదు.

ఇప్పుడు మాకు జరిగింది. ఏ కంపెనీ అన్నది రాయను. హైదరాబాద్ నుంచి యూరప్‌కి పది గంటలు, అక్కడ మారి ఇంకో ఎనిమిదిన్నర గంటలు. కౌంటర్ దగ్గరికి వెళితే విమానం మారిందమ్మా, ఇందులో ప్రీమియం క్యాబిన్ లేదు అన్నారు. రెండు ఎకానమీ బోర్డింగ్ పాస్‌లు, భోజనం కూపన్లు చేతిలో పెట్టారు, సారీ చెప్పారు. అర్ధరాత్రి దాటింది, వీల్‌చైర్ అబ్బాయి వెనకాల నిలబడి ఉన్నాడు, ఎవరితో వాదిస్తాం? ఆ పది గంటలూ నడిమి మూడు సీట్లలో ఇరుక్కుని కూర్చున్నాం. నా టేపు ప్రకారం సీటు చేతికీ చేతికీ మధ్య 17 అంగుళాలు. రానూపోనూ 37 గంటలకి లక్షా 11 వేలు అదనం అంటే గంటకి 3 వేలు. పది గంటలకి మనిషికి 30 వేలు, ఇద్దరికీ 60 వేలు, లేని సీటుకి కట్టాం.

తిరిగొచ్చిన కొన్ని నెలలకి మా చెల్లెలి కొడుకు చెప్పాడు, దీనికి నియమం ఉందట. మన దేశంలో విమాన కంపెనీలకు నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ దాన్ని 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి తెచ్చింది. డబ్బు కట్టిన క్లాసు కంటే కింది క్లాసులో మన ఇష్టం లేకుండా కూర్చోబెడితే అంతర్జాతీయ ప్రయాణంలో 1,500 కిలోమీటర్ల లోపైతే పన్నులతో సహా టికెట్ ఖర్చులో 30 శాతం, 3,500 లోపు 50 శాతం, అది దాటితే 75 శాతం వెనక్కి ఇవ్వాలి. దేశంలో ప్రయాణానికైతే 75 శాతం. కౌంటర్లో ఒక్కరంటే ఒక్కరు ఈ మాట ఎత్తలేదు. ఇప్పుడు కంపెనీకి రాశాం, మూడు నెలలైంది, జవాబు రాలేదు. మీ పాఠకుల్లో ఎవరికైనా ఇలా జరిగితే అక్కడికక్కడే కింది క్లాసుకి మార్చినట్టు కాగితం మీద రాయించుకోండి, పాత బోర్డింగ్ పాస్ పారేయకండి.

అలాగని ప్రీమియం ఎకానమీ దండగ అని నేను అనడం లేదు. తిరుగు ప్రయాణంలో రెండు విమానాల్లోనూ దొరికింది, అప్పుడు తెలిసింది దాని విలువ. అసలు సుఖం వాళ్లు గొప్పగా చెప్పుకునే ఆరేడు అంగుళాల్లో సగమే ఉంది. మిగతా సగం వరుసలో ఉంది. బోయింగ్ 787 ఎకానమీలో 3-3-3, 777లో ఇప్పుడు చాలా చోట్ల 3-4-3. ఎక్కడ కూర్చున్నా ఆలుమగల పక్కన మూడో మనిషి తప్పడు. ప్రీమియంలో 787కి 2-3-2, ఎ350కి 2-4-2. కిటికీ వైపు రెండే సీట్లు. షుగర్ ఉన్న మనిషి రాత్రిపూట నాలుగుసార్లు లేవాలి. ఎకానమీలో మా వారు పక్కాయన్ని లేపడానికి మొహమాటపడి నీళ్లు తాగడమే మానేశారు, కాళ్లు వాచడానికి అది కూడా ఒక కారణమని మా డాక్టర్ గారు అన్నారు. ఇక్కడ నేను కిటికీ వైపు, ఆయన నడిచే దారి వైపు. ఎవర్నీ లేపక్కర్లేదు, ఎవరూ మమ్మల్ని లేపరు. మోకాలు పట్టేస్తే కాసేపు కాలు బయటికి చాపుకున్నారు. నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయారు. నన్నడిగితే పెద్దవాళ్లకి టికెట్ తీసే పిల్లలు పిచ్ కంటే ముందు ఈ రెండు సీట్ల వరుస చూడాలి, అందులో కూడా మొదటి వరుస వద్దు. అక్కడ ముందు గోడ ఉంటుంది, మందుల సంచి కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు, ట్రే సీటు చేతి లోపలి నుంచి వస్తుంది కాబట్టి ఆ సీటు చేతిని పైకి లేపడం కుదరదు, కీళ్ల నొప్పులున్నవాళ్లు లేవడానికి అవస్థ పడతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వెడల్పు సీటు కొన్నంత మాత్రాన కాళ్లలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం పోదు. నాలుగు గంటలు దాటి ప్రయాణం చేస్తే ఆ ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మొత్తం మీద ఆరువేల మందిలో ఒకరికి వచ్చేదే అయినా, దానికి కారణం కదలకుండా కూర్చోవడం. అది ఎకానమీ అయినా బిజినెస్ అయినా ఒకటే. లేచి నడవాలి. లాంజ్ దొరుకుతుందనీ ఆశపడకండి, ఈ టికెట్‌తో మామూలుగా ఇవ్వరు. పచ్చళ్ల పెట్టె ఒకటి ఎక్కువ పట్టుకెళ్లొచ్చని కూడా అనుకోకండి, చాలా కంపెనీల్లో అమెరికాకి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలే.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతమే ఉంచి, మిగతా క్లాసులన్నిటికీ 12 నుంచి 18కి పెంచారు. మిగతా క్లాసులు అంటే ఫస్ట్ క్లాసులో మంచం వేయించుకుని పడుకునేవాళ్లూ, మోకాలు వంగక ఆరు అంగుళాలు ఎక్కువ కొనుక్కునే రిటైర్డ్ టీచరూ ఒకే లెక్కలోకి వచ్చేశారు. ఇది నాకు న్యాయంగా అనిపించడం లేదు. కనీసం అరవై దాటినవాళ్లకైనా దీన్ని ఎకానమీతో సమానంగా చూడాలి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. బియ్యం బస్తా మీద ఎన్ని కిలోలో రాయకపోతే తూనికలు కొలతల వాళ్లు ఊరుకోరు. లక్షలు పోసి కొనే సీటుకి ఆ మాత్రం లేదా? డబ్బు కట్టకముందే, ప్రయాణంలో ప్రతి విమానానికీ విడివిడిగా, పిచ్ ఎంత, వెడల్పు ఎంత, ఎంత వాలుతుంది, వరుసకి ఎన్ని సీట్లు అన్నది టికెట్ మీద రాయాలని డీజీసీఏ ఆదేశించాలి. దాని పక్కనే క్లాసు తగ్గిస్తే ఎంత వెనక్కి వస్తుందో ఒక వాక్యం, తెలుగులో కూడా.

మీ పత్రికకి నా విన్నపం, హైదరాబాద్ నుంచి, విజయవాడ విశాఖల నుంచి మారి వెళ్లేవాళ్లకి పనికొచ్చేలా ఈ కొలతలన్నీ ఒక పట్టికగా వేయండి. మా చిన్నమ్మాయి డాలస్‌లో ఉంటుంది, దానికి మే నెలలో పురుడు. మార్చిలోగా వేస్తే చూసుకుని టికెట్లు తీసుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
ఖమ్మం