బైక్ రేసులు గూడ మంచిగ చూపియ్యండి

ఎడిటర్ గారికి నమస్తే. మాది మిర్యాలగూడ. మా దిక్కు మోటోజీపీ (ప్రపంచ స్థాయి బైక్ రేసుల పోటీ) అంటే పడి సచ్చే పోరగాళ్లు చానమంది ఉన్నరు, కానీ టీవీల రేస్ సక్కగ చూసుడు అయితలేదు. ఆదివారం రేస్ ఎట్లనో దొరుకుతది గానీ శనివారం పెట్టే చిన్న రేస్, స్ప్రింట్, ఏ చానెల్ల వస్తదో, వస్తదో రాదో గూడ తెల్వది, దాంట్ల గెలిస్తే 12 పాయింట్లు, ఆదివారం గెలిస్తే 25, మరి స్ప్రింట్ చూడకుంటే పాయింట్ల లెక్క ఏం సమజైతది? 2024ల బన్యాయా అనే రేసర్ ఆదివారం రేసులు 11 గెలిచి గూడ 10 పాయింట్ల తేడాతోని ఇంకో రేసర్ మార్టిన్‌కు టైటిల్ పోగొట్టుకున్నడు. చిన్న బైకుల పోటీ మోటో3ల అయితే లాస్ట్ ల్యాప్ దాంక గుంపుగనే ఉంటరు, సరిగ్గ అప్పుడే యాడ్ ఏస్తరు, చాన బాధైతది. ఎన్కల ఐదో ప్లేస్ కోసం ఇద్దరు కొట్లాడుతుంటే కెమెరా ముందట ఒక్కడే పోయేటోని మీదనో, గ్యారేజీల కూసున్నోళ్ల మొఖాల మీదనో ఉంటది.

2023ల గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ల రేస్ పెట్టిన్రు, మన దేశంల జనం లేకనా? కబడ్డీకి, ఐపీఎల్‌కు తెలుగు కామెంటరీ ఉంది, దీనికి గూడ పెట్టాలె. మీరు గూడ స్పోర్ట్స్ పేజీల శుక్రవారం నాడు రేస్ టైమింగులు, చానెల్ పేరు ఎయ్యండి సార్.

- ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా