ఆ చీలుబాట దగ్గర ఒక్కసారి ఆగి చూడండి సార్

గౌరవనీయులైన అటవీ అధికారి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరున్న అటవీ పార్కులో పన్నెండేళ్లుగా పొద్దున్నే నడుస్తున్నాను. లోపల అర కిలోమీటరు వెళ్లాక కాలిబాట రెండుగా చీలుతుంది. కుడిది గేటుకు, ఎడమది బండల మీదుగా చిన్న కుంట దాకా. చీలిక దగ్గర ఒక రేల చెట్టుంది. మే నెల కదా, ఆకుల కంటే పూలే ఎక్కువ. ఎండ వాటిలోంచి జారి, బాట మీద పసుపు చల్లినట్టు పడుతుంది.

మొన్న ఆ చెట్టు మొదట్లో సున్నం గీతలు కనిపించాయి. ఎడమ దారికి సిమెంటు టైల్స్ వేస్తారట. దయచేసి వద్దు సార్. అక్కడ రాతి మీద మట్టి పొరే పలుచన; వాన నీళ్లు ఇంకేది ఆ కాస్త మట్టిలోనే. టైల్స్ కాగితే పొద్దు వాలినా వేడి కక్కుతాయి. పైగా నెమలి చెట్టు మీద గూడు కట్టదు, పొదల కింద నేల మీదే గుడ్లు పెడుతుంది. 1998లో మన నగరంలోనే ఉన్న కేబీఆర్ (కాసు బ్రహ్మానందరెడ్డి) పార్కును జాతీయ పార్కుగా ప్రకటించారు. ఊరి మధ్య అడవికి విలువుందని ప్రభుత్వమే ఒప్పుకున్న మాట అది.

మాకు కావలసింది వేరే. కిందటి వారం మా మామయ్య గారు పొరపాటున ఎడమకు వెళ్లి, సీసాలో నీళ్లయిపోయి గంటసేపు బండ నీడన కూర్చుండిపోయారు. ఫోన్ కలవలేదు. మా టెన్షన్ మాటల్లో చెప్పలేను. చీలిక దగ్గర బాణం గుర్తుతో ఒక చెక్క బోర్డు, ఎండాకాలం అయ్యేదాకా ఓ కుండ మంచినీళ్లు పెట్టించండి. కుండ నింపే పని మాకివ్వండి, వంతులేసుకుంటాం.

పని మొదలయ్యేలోపు ఒకరోజు ఉదయం ఆరింటికి రండి. గేటు దగ్గరే ఉంటాను.

ఇట్లు,
రోజూ నడిచే ఒక నగరవాసి